ట్రంప్ సంతకం పెడితే చట్టమైపోయినట్టేనా? అమెరికాలో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందంటే..

'ట్రంప్ సంతకం పెట్టారు'.. ఈ మూడు ముక్కలు స్క్రీన్ మీద కనిపిస్తే చాలు, తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. అబ్బాయి ఉద్యోగం ఏమవుతుంది? అమ్మాయి వీసా ఉంటుందా? పుట్టబోయే మనవడికి సిటిజన్‌షిప్ వస్తుందా? అన్నీ ప్రశ్నలే.

2025 సెప్టెంబర్ 19న ఏం జరిగిందో గుర్తుందా? హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్లు కట్టాలంటూ ట్రంప్ ఓ ప్రకటనపై సంతకం చేశారు. అక్కడ శుక్రవారం. మనకు అర్ధరాత్రి దాటింది. మన టైమ్ ప్రకారం ఆదివారం ఉదయం 9.31 నుంచే అమలు అన్నారు. సెలవు మీద ఇండియా వచ్చినవాళ్లు హడావుడిగా రిటర్న్ టికెట్లు వెతుక్కున్నారు. వెంటనే వెనక్కి వచ్చేయమని కొన్ని పెద్ద కంపెనీలు ఉద్యోగులకు మెయిల్స్ పెట్టాయి. తీరా మర్నాటికి అమెరికా ప్రభుత్వమే క్లారిటీ ఇచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదు, కొత్త దరఖాస్తులకే. ఏటేటా కట్టేది కూడా కాదు, ఒక్కసారే.

ఆ ఒక్క రోజులో ఎంత టెన్షన్, ఎంత ఖర్చు! అందుకే అసలు విషయం తెలుసుకోవాలి. అమెరికాలో ప్రెసిడెంట్ ఏం చేయగలరు? ఏం చేయలేరు? ఆయన సంతకం ఎక్కడిదాకా పనిచేస్తుంది? సింపుల్‌గా చూద్దాం.

మన ప్రధాని వేరు.. వాళ్ల ప్రెసిడెంట్ వేరు

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాళ్లే ప్రభుత్వం ఏర్పాటు చేస్తారు. ప్రధాని, మంత్రులు పార్లమెంట్ సభ్యులే అయి ఉంటారు. అంటే ప్రభుత్వం అనుకున్న బిల్లు లోక్‌సభలో సాధారణంగా పాసైపోతుంది. మెజారిటీ పోతే ప్రభుత్వమే పడిపోతుంది.

అమెరికాలో అలా కాదు. ప్రెసిడెంట్ ఎన్నిక వేరు, కాంగ్రెస్ ఎన్నిక వేరు. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ పేరు కాదు, వాళ్ల పార్లమెంట్. అందులో రెండు సభలు. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది. ప్రెసిడెంట్ అందులో సభ్యుడు కాదు. ఆయన కేబినెట్‌లో ఉన్నవాళ్లూ సభ్యులు కాకూడదు. సెనేటర్‌ను మంత్రిగా తీసుకోవాలంటే ముందు సెనేట్ సీటు వదులుకోవాల్సిందే.

అంటే ప్రెసిడెంట్ ఒక పార్టీ, సభల్లో మెజారిటీ ఇంకో పార్టీ.. ఇలా కూడా ఉండొచ్చు. చాలాసార్లు ఉంది కూడా. బిల్లు ఓడిపోయినా ప్రెసిడెంట్ కుర్చీకి ఢోకా లేదు. కానీ ఆయన అనుకున్న చట్టం మాత్రం రాదు.

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే ఆర్డినెన్స్ కాదు, జీవో లాంటిది

మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనగానే మన ఆర్డినెన్స్ లాంటిదనుకుంటాం. కాదు.

మన ఆర్డినెన్స్‌కు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. పార్లమెంట్ సమావేశాలు లేనప్పుడు కేంద్ర కేబినెట్ సలహాతో రాష్ట్రపతి జారీ చేస్తారు. సభలు మళ్లీ మొదలయ్యాక ఆరు వారాల్లో ఆమోదం దొరక్కపోతే రద్దయిపోతుంది. అమెరికా ప్రెసిడెంట్‌కు ఇలాంటి అధికారం లేదు. కొత్త చట్టం రాసే పవర్ ఆయన చేతిలో లేనే లేదు.

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌కు దగ్గరి పోలిక చెప్పాలంటే మన జీవో. ఉన్న చట్టాన్ని ఎలా అమలు చేయాలో ప్రభుత్వ శాఖలకు ఇచ్చే ఆదేశం అది. చట్టం పరిధిలో ఉంటే నిలబడుతుంది. దాటితే మన దగ్గర జీవోను హైకోర్టు కొట్టేసినట్టే అక్కడా కోర్టు కొట్టేస్తుంది. తర్వాత వచ్చే ప్రెసిడెంట్ ఇంకో సంతకంతో రద్దు చేసేయొచ్చు కూడా.

ఇది ఒక పార్టీకో, ఒక ప్రెసిడెంట్‌కో పరిమితమైన సంగతి కాదు. 1952లో కొరియా యుద్ధం జరుగుతుండగా సమ్మె ముప్పు వచ్చిందని ప్రెసిడెంట్ ట్రూమన్ స్టీల్ మిల్లులను ప్రభుత్వ ఆధీనంలోకి తీసుకోమన్నారు. చట్టం మీకు ఆ అధికారం ఇవ్వలేదంటూ సుప్రీంకోర్టు 6-3తో అడ్డుకుంది. 2022లో బైడెన్ సుమారు 40 వేల కోట్ల డాలర్ల స్టూడెంట్ లోన్లు మాఫీ చేస్తామన్నారు. 2023 జూన్ 30న సుప్రీంకోర్టు అదే 6-3తో కొట్టేసింది. కారణమూ అలాంటిదే. కాంగ్రెస్ ఇవ్వని అధికారాన్ని వాడుకోలేరని.

గ్రీన్ కార్డ్ లిమిట్.. ఎవరు మార్చాలి?

మనవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది గ్రీన్ కార్డ్ క్యూ. ఉద్యోగం ఆధారంగా ఏటా సుమారు 1.40 లక్షల గ్రీన్ కార్డులే ఇస్తారు. ఇందులో భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కే. పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతానికి మించి ఇవ్వకూడదని రూల్. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి మన క్యూ ఏళ్లకేళ్లు సాగుతోంది.

ఈ నంబర్లు ప్రెసిడెంట్ పెట్టినవి కాదు. కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉన్నవి. హెచ్-1బీలో 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు అనే లెక్క కూడా అంతే. ఏ ప్రెసిడెంట్ అయినా సరే, ఒక్క సంతకంతో వీటిని పెంచలేరు.

మరి కాంగ్రెస్ మార్చొచ్చు కదా? ప్రయత్నం జరిగింది. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో దేశాల వారీ లిమిట్ ఎత్తేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో పాసైంది. రెండు పార్టీల వాళ్లూ ఓటేశారు. 2020 డిసెంబర్ 2న సెనేట్ కూడా ఏకగ్రీవంగా ఓకే చేసింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు మనవాళ్లు.

కానీ ఒక చిక్కు. సెనేట్ పాస్ చేసిన బిల్లు, ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లు ఒకేలా లేవు. అమెరికాలో రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒకే బిల్లును పాస్ చేయాలి. ఆ తేడాలు తేలకముందే 2021 జనవరి మొదట్లో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. అక్కడ ప్రతి రెండేళ్లకూ కొత్త కాంగ్రెస్ వస్తుంది. పాసవ్వకుండా మిగిలిన బిల్లులన్నీ మురిగిపోతాయి. మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. రెండు సభలూ అవునన్న బిల్లు కూడా చట్టం కాకుండా పోయింది.

సెనేట్‌లో ఇంకో గండం కూడా ఉంది. మామూలు బిల్లు పాసవ్వడానికి 51 ఓట్లు చాలు. కానీ చర్చ ముగించి ఓటింగ్‌కు తేవాలంటే చాలా బిల్లులకు 60 మంది ఒప్పుకోవాలి. రెండు సభలూ దాటినా ప్రెసిడెంట్ వీటో చేయొచ్చు. ఆ వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

అందుకే 'అమెరికాలో బిల్లు పెట్టారు' అనే వార్తకు, 'చట్టం వచ్చింది' అనే వార్తకు చాలా దూరం ఉంటుంది. హెచ్-1బీ రద్దు చేయాలని బిల్లు పెట్టినా అంతే, గ్రీన్ కార్డులు పెంచాలని బిల్లు పెట్టినా అంతే. ఒక్క సభ్యుడు అనుకుంటే బిల్లు పెట్టేయొచ్చు. పెట్టిన వాటిలో చాలా వరకు ఓటింగ్ దాకా కూడా రావు.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది శాఖల రూల్స్‌ని

ప్రెసిడెంట్‌కూ, కాంగ్రెస్‌కూ మధ్యలో ఇంకోటి ఉంది. ప్రభుత్వ శాఖలు. వీసాల విషయంలో హోంల్యాండ్ సెక్యూరిటీ, విదేశాంగ, లేబర్ శాఖలు కీలకం. చట్టం మోటుగా చెప్పినదాన్ని వివరంగా ఎలా అమలు చేయాలో ఇవి రూల్స్ రాస్తాయి.

హెచ్-4 వీసా మీద ఉన్న జీవిత భాగస్వాముల్లో కొందరికి పని చేసుకునే అనుమతి ఉంది కదా. అది కాంగ్రెస్ చేసిన ప్రత్యేక చట్టంతో వచ్చింది కాదు. ఒబామా హయాంలో 2015లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పెట్టిన రూల్. దానిపై అప్పటి నుంచి కోర్టులో కేసు నడిచింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అలా ఆ రూల్ నిలబడింది. అయితే ఇది రూల్ కాబట్టి, శాఖ పద్ధతి ప్రకారం వెళ్తే మార్చే వీలుంది.

పద్ధతి అంటే? సాధారణంగా ముందు ముసాయిదా బయటపెట్టాలి. జనం అభిప్రాయాలు తీసుకోవాలి. వాటిని పరిశీలించాకే ఫైనల్ చేయాలి. దీనికి 1946 నుంచి ఓ చట్టం ఉంది. ఈ పద్ధతి పాటించలేదని తేలితే కోర్టు ఆ రూల్‌ను పక్కన పెట్టేయొచ్చు. కొన్నిసార్లు మినహాయింపులు చూపించి వెంటనే అమలు చేసేస్తారు కూడా. వర్క్ పర్మిట్ రెన్యువల్‌కు అప్లై చేస్తే పాతది ఆటోమేటిక్‌గా పొడిగించే సౌకర్యం ఉండేది కదా. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే దరఖాస్తుల్లో చాలా వాటికి దాన్ని అలాగే తీసేశారు. హెచ్-4 వాళ్లకు ఇది గట్టిగానే తగిలింది.

చూశారా? పెద్ద హెడ్‌లైన్ అయిన బిల్లు ఎటూ తేలకుండా పోతే, ఎక్కడో మూలన వచ్చిన రూల్ ఇంటి బడ్జెట్‌ను మార్చేస్తుంది.

కోర్టు ఏం చేస్తుంది? సిటిజన్‌షిప్ కేసే ఉదాహరణ

2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన మొదటి రోజే ట్రంప్ ఓ ఆర్డర్ ఇచ్చారు. తల్లి హెచ్-1బీ, స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డ్ గానీ లేకపోతే, అమెరికాలో పుట్టిన బిడ్డకు ఆటోమేటిక్‌గా సిటిజన్‌షిప్ ఉండదని. తల్లి అక్రమంగా ఉన్నా ఇదే వర్తిస్తుందని. ఆర్డర్ వచ్చిన 30 రోజుల తర్వాత పుట్టే పిల్లల నుంచి అమలు అన్నారు.

మూడు రోజులకే, జనవరి 23న సియాటెల్‌లో ఒక ఫెడరల్ జడ్జి దాన్ని ఆపేశారు. ఆ జడ్జి జాన్ కాఫెనార్‌ను నియమించింది రిపబ్లికన్ ప్రెసిడెంట్ రీగనే. ఇతర చోట్లా కోర్టులు అదే దారి పట్టాయి.

కారణం రాజ్యాంగ 14వ సవరణ. 1868లో వచ్చింది. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ దేశ చట్ట పరిధిలో ఉన్నవాళ్లంతా పౌరులే అని అది చెబుతుంది. 1898లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు 6-2తో ఆయన అమెరికా పౌరుడే అని తేల్చింది. 'చట్ట పరిధిలో ఉన్న' అనే మాటకు తాత్కాలికంగా ఉండేవాళ్లు రారన్నది ట్రంప్ ప్రభుత్వ వాదన. మాట స్పష్టంగానే ఉంది, నూరేళ్లకు పైగా ఇలాగే అమలవుతోంది అన్నది అవతలి వాదన.

ఈలోగా 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో ఓ తీర్పు ఇచ్చింది. ఒక జిల్లా జడ్జి కేసు వేసినవాళ్లకు ఊరట ఇచ్చే పేరుతో దేశం మొత్తం మీద ఆర్డర్‌ను ఆపేయడం కుదరదని. సిటిజన్‌షిప్ ఆర్డర్ రైటా, రాంగా అన్నది మాత్రం ఆ తీర్పులో తేల్చలేదు. 'సిటిజన్‌షిప్ పోయింది' అంటూ అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌లు తప్పు. జులై 10న న్యూ హాంప్‌షైర్‌లోని ఫెడరల్ కోర్టు, ఆ ఆర్డర్ తగిలే పిల్లలందరి తరఫున కలిపి వేసిన కేసులో మళ్లీ దాన్ని ఆపింది. డిసెంబర్‌లో అసలు ప్రశ్న మీద విచారణకు సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2025 ముగిసేనాటికి ఆ ఆర్డర్ కింద ఒక్క బిడ్డకు కూడా సిటిజన్‌షిప్ ఆగలేదు.

అలాగని కోర్టులు ప్రతిదీ ఆపేస్తాయనుకోవద్దు. 2017లో కొన్ని దేశాల వాళ్ల రాకపై ట్రంప్ పెట్టిన ట్రావెల్ బ్యాన్‌ను సుప్రీంకోర్టు 2018లో 5-4తో సమర్థించింది. ఎందుకంటే విదేశీయుల రాకను ఆపే అధికారాన్ని కాంగ్రెస్సే ఒక సెక్షన్‌లో ప్రెసిడెంట్‌కు ఇచ్చింది. లక్ష డాలర్ల ప్రకటనకు కూడా ఆ సెక్షనే ఆధారంగా చూపించారు. ఏడాది గడువు పెట్టారు. దానిపైనా కేసులు పడ్డాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ట్రంప్ చేయగలరా?' అని కాదు, 'ఏ చట్టం కింద చేశారు?' అని.

రాజ్యాంగాన్నే మార్చేస్తే?

మార్చొచ్చు, కానీ చాలా కష్టం. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు కావాలి. ఆ తర్వాత 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. ఇన్నేళ్ల చరిత్రలో మొత్తం 27 సవరణలే జరిగాయి. చివరిది 1992లో. ఒక్కరు రెండుసార్లకు మించి ప్రెసిడెంట్‌గా ఎన్నిక కాకూడదన్న రూల్ కూడా ఇలా వచ్చిన సవరణే, 1951లో.

డబ్బుల తాళం కాంగ్రెస్ దగ్గరే

ఖజానా నుంచి డాలర్ తీయాలన్నా కాంగ్రెస్ ఓకే అనాలి. ఒప్పందం కుదరకపోతే షట్‌డౌన్. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు అదే జరిగింది. హెచ్-1బీకి ముందు లేబర్ శాఖ దగ్గర తీసుకోవాల్సిన ఎల్‌సీఏ పని ఆ సమయంలో కొన్ని వారాలు ఆగిపోయింది. దరఖాస్తు ఫీజుల మీద నడిచే ఇమిగ్రేషన్ సర్వీస్ ఆఫీస్ మాత్రం చాలా వరకు పనిచేసింది. 'షట్‌డౌన్' అంటే అన్నీ మూసేసినట్టు కాదన్నమాట.

ఇక డ్రైవింగ్ లైసెన్స్, లోకల్ పోలీస్, పెళ్లి, విడాకులు, స్టేట్ యూనివర్సిటీ ఫీజులు.. ఇవన్నీ రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. టెక్సాస్‌లో ఉన్న రూల్ న్యూజెర్సీలో ఉండాలని లేదు. వీసా, సిటిజన్‌షిప్ మాత్రం కేంద్రానివే.

ఎన్నికలు.. ఒక జాగ్రత్త

ప్రెసిడెంట్ పదవీకాలం నాలుగేళ్లు. ప్రతినిధుల సభకు రెండేళ్లకోసారి మొత్తం ఎన్నికలు. సెనేటర్‌కు ఆరేళ్లు, రెండేళ్లకోసారి సుమారు మూడో వంతు సీట్లకు ఎన్నిక. ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చేవే మిడ్‌టర్మ్ ఎన్నికలు. 2026లో ఆ తేదీ నవంబర్ 3. ఈ ఎన్నికల్లో ప్రెసిడెంట్ మారరు. కానీ సభల్లో మెజారిటీ మారితే ఆయన బిల్లుల దారి మారిపోతుంది.

ప్రెసిడెంట్‌ను నేరుగా మొత్తం ఓట్లు లెక్కేసి ఎన్నుకోరు. రాష్ట్రాల వారీగా 538 ఎలక్టోరల్ ఓట్లు. 270 వస్తే గెలుపు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా గెలిచింది ట్రంపే.

ఇప్పుడు జాగ్రత్త. గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసుల్లో ఓటర్‌గా రిజిస్టర్ అవుతారా అని ఫారంలోనే అడుగుతుంటారు. తెలియక టిక్ పెట్టేస్తే పెద్ద తలనొప్పి. చట్టవిరుద్ధంగా ఓటేస్తే దేశం నుంచి పంపించేయొచ్చు. సిటిజన్ అని తప్పుగా చెప్పుకున్నా అదే ప్రమాదం. మీ పిల్లలు అక్కడుంటే ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

సిటిజన్‌షిప్ వచ్చాక మాత్రం ఓటేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్‌కు, గజాలా హష్మీ వర్జీనియాకు లెఫ్టినెంట్ గవర్నర్లుగా ఎన్నికయ్యారు. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులకు మాత్రం పుట్టుకతో పౌరులై ఉండాలి.

ఈసారి అలర్ట్ వస్తే ఇవి చూడండి

ఒకటి: అది ఏంటి? బిల్లా, చట్టమా, ఆర్డరా, శాఖ రూలా? బిల్లు అయితే ఇంకా చాలా దూరం ఉంది. రూల్ అయితే ముసాయిదానా, ఫైనలా?

రెండు: ఎప్పటి నుంచి? సంతకం తేదీ వేరు, అమలు తేదీ వేరు.

మూడు: ఎవరికి? కొత్తవాళ్లకా, ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లకా, రెన్యువల్స్‌కా? లక్ష డాలర్ల గందరగోళమంతా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే వచ్చింది.

నాలుగు: కోర్టులో ఏముంది? ఆపేసిందా? ఆపితే అందరికా, కేసు వేసినవాళ్లకేనా?

ఈ నాలుగింటికీ జవాబు దొరికేదాకా టికెట్ కొనొద్దు, క్యాన్సిల్ చేయొద్దు, ఉద్యోగం మానొద్దు. ముందు కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగమని పిల్లలకు చెప్పండి. ఎవరి కేసు వాళ్లదే. పక్కింటివాళ్ల అబ్బాయికి జరిగిందే మీ అబ్బాయికీ జరగాలని లేదు.